టీబల్ల మీద సాక్ష్యం

బేసిల్ ఆర్మిటేజ్‌కు ఆ బుధవారం ఉదయం ఉన్న ప్లాను ఒక్కటే: ఏ గొడవలోనూ వేలు పెట్టకుండా సాయంత్రం దాకా గడిపెయ్యడం. మంగళవారం ప్లానూ అదే. లండన్‌లో టెంపుల్ అనే లాయర్ల పేటలో కొలువుదీరిన బారిస్టర్లలో పట్టు గౌను వేసుకునే పెద్ద హోదా ఒకటుంది. దానికి అతను దరఖాస్తు పెట్టడం ఇది నాలుగోసారి. మొదటి మూడుసార్లూ మర్యాదగా కాదన్నారు. ఈసారి గుసగుసలు అనుకూలంగా ఉన్నాయి. ఫలితం వచ్చేలోపు మనిషి మీద ఫిర్యాదంటూ ఏదీ ఉండకూడదు, అంతే. ఆ గౌనుతో తొడుక్కునే వెండి బకిళ్ల బూట్లు అప్పుడే కొనేసి, భార్య కంట పడకుండా గొడుగుల వెనక దాచాడు. ఆమె ఇంట్లో లేనప్పుడు వాటితో హాల్లో అటూ ఇటూ నడిచి చూసుకునేవాడు. కొంచెం కరుస్తున్నాయి.

చేతిలో ఉన్న కేసూ ప్రాణం తీసేది కాదు. యార్క్‌షైర్‌లో బేకరీ నడిపే మిసెస్ త్వెయిట్ అనే పెద్దావిడ, తన దగ్గర పనిచేసి మానేసిన మనిషి పక్క వీధిలో దుకాణం పెట్టి తమ ఇంటి ఎండుపళ్ల కేకును కాపీ కొట్టిందని దావా వేసింది. ఆ మనిషి కేకులోని కిటుకు నిజంగా పసిగట్టిందా, ఊరికే పైపైన అనుకరించిందా అన్నది తేలాలి. కిటుకు ఏమిటో బేసిల్‌కు చెప్పడానికి ఆవిడ గది తలుపు గడియ వేయించింది. కిస్‌మిస్‌ను చల్లారిన టీలో నానబెట్టాలి, పిండిలో చిటికెడు మిరియాల పొడి వెయ్యాలి.

"మా అమ్మ పోయేముందు నా చెవిలో చెప్పింది బాబూ. మా ఆయనక్కూడా తెలీదు" అంది. చెబుతూ కళ్లు తుడుచుకుంది.

అవతలి దుకాణంలో కొన్న కేకును రేకు డబ్బాలో పెట్టి, సీలు వేసి బేసిల్ గదికి పంపారు. శుక్రవారం కోర్టు తరఫున ఒక నిపుణుడు దాన్ని రుచి చూడాలి. అవతలి పక్షానికి వాదించేది ఫిలిపా లాంగ్‌డన్. ఆమె గది బేసిల్ గదికి సరిగ్గా ఎదురుగానే. ఒకే చేంబర్స్‌లో, అంటే ఒకే ఆఫీసులో, ఉంటూ ఒకరిమీద ఒకరు వాదించుకోవడం అక్కడ మామూలే. పగలంతా కోర్టులో ఒకరి మాట ఒకరు తుంచేసుకుని, సాయంత్రం ఒకే కెటిల్‌లో టీ పోసుకుంటారు.

ఆ టీకి ఒక పద్ధతుంది. నాలుగున్నరకి అందరూ కింది హాల్లోకి దిగాలి. బల్ల మీద ఏది ఉంటే అది అందరిదీ. ఎవరు తెచ్చారని అడగడం సభ్యత కాదు. తాతల నాటి మర్యాద. దాన్ని తప్పినవాడు ఇంతవరకూ లేడు. ఆ బుధవారం బల్ల మీద నల్లటి ఎండుపళ్ల కేకు కనిపించింది. బేసిల్ రెండు ముక్కలు తిన్నాడు, మూడోదానికి మొహమాటపడ్డాడు. నోరు తుడుచుకుంటూ పైకెళ్లి చూసేసరికి గూట్లో రేకు డబ్బా లేదు.

మెట్లు దూకినట్టుగా కిందికొచ్చాడు. చేంబర్స్ పెద్ద గాడ్‌ఫ్రే కెనియన్ ఆఖరి ముక్క నోట్లో వేసుకుని, ప్లేటులోని పొడిని వేలితో అద్దుకుంటున్నాడు.

సాక్ష్యాన్ని తినేశారు. అందరూ కలిసి, టీలో ముంచుకుని మరీ తినేశారు.

బారిస్టర్లకు ఒక రూలుంది. తోటి బారిస్టరు ఘోరమైన తప్పు చేశాడని తెలిస్తే, వాళ్ల నడవడి చూసే బోర్డుకు రిపోర్టు చెయ్యాలి. తెలిసీ ఊరుకుంటే అదీ తప్పే. తప్పు తనదైతే తన మీద తనే రిపోర్టు చేసుకోవాలి. బేసిల్ తన గది తలుపేసుకుని ఆ పేజీ ముమ్మారు చదివాడు. రిపోర్టు చేస్తే పట్టు గౌను పోతుంది. చెయ్యకపోతే, ఎప్పుడో బయటపడి, ఒంటిమీదున్న మామూలు గౌను కూడా పోతుంది. పాపం, అతను చెడ్డవాడు కాడు. ఎలాగూ మునిగేటప్పుడు నిజాయితీగా మునుగుదామనుకున్నాడు.

ముందుగా గాడ్‌ఫ్రేకు చెప్పడం మర్యాద అని వెళ్లి చెప్పాడు. పెద్దాయన అద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, ఒక కేకు ముక్క కోసం ఇంత రాద్ధాంతమా? ఇంకో కేకు కొనిపించి డబ్బాలో పెట్టెయ్."

అనేశాక గానీ తనేమన్నాడో ఆయనకు తెలియలేదు. బేసిల్ జేబులోంచి పెన్ను తీశాడు. దొంగ సాక్ష్యం పెట్టమనడం ఇంకో తప్పు, దాన్ని కూడా రాయాలి. బేసిల్ రాస్తాడని గ్రహించిన గాడ్‌ఫ్రే, బేసిల్ కూడా తిన్నట్టు ఇప్పుడు తనకు తెలిసింది గనుక, తను బేసిల్ మీద రాయాలని తేల్చాడు. ఆయన తన మీద తను కూడా రాసుకున్నాడు. ఈ మాట మెట్ల మీద విన్నవాళ్లు మిగతావాళ్లకు చెప్పారు. టీ తాగినవాళ్లంతా తమ మీదా పక్కవాళ్ల మీదా రాసుకోవడం మొదలెట్టారు. ఆలస్యంగా రాసినవాడు ఎందుకు ఆలస్యం చేశాడని ముందు రాసినవాడు అదనంగా ఒక పేరా చేర్చాడు. ఆ సాయంత్రం చేంబర్స్‌లో కక్షిదారుల పని చేసిన వాడు ఒక్కడూ లేడు.

ఫిలిపా ఒక్కతే కోటు వేసుకుని ఇంటికి బయల్దేరుతోంది. బేసిల్ అడ్డం పడ్డాడు.

"నువ్వూ తిన్నావు. రాయవా?"

"డబ్బా ఏమైందో గుమాస్తా పైక్‌ని అడిగావా?"

"అతను సాక్షి అవుతాడు. ముందే మాట్లాడితే సాక్షిని మభ్యపెట్టినట్టు."

"అయితే రేపు నేనడుగుతాను. తెలియకుండా నేనేదీ రాయను."

బేసిల్ ఆమెకు రూలు పుస్తకం తెరిచి, ఊరుకోవడం కూడా తప్పేనన్న వాక్యం పైకి చదివి వినిపించాడు. ఆమె ఓపిగ్గా విని, గుడ్‌నైట్ చెప్పి వెళ్లిపోయింది. అతను మనసు రాయి చేసుకుని ఆమె పేరు కూడా చేర్చాడు.

అతని రిపోర్టు అన్నిటికంటే పొడుగైంది. తిన్నది ఆ సాక్ష్యపు కేకేనని రుజువు చెయ్యాలి కదా. రుచిని నెమరు వేసుకున్నాడు. నాలిక చివర మిరియాల ఘాటు తగిలినట్టే ఉంది. నమలగా నమలగా చల్లారిన టీ వాసన కూడా వచ్చింది. మా క్లయింటు కేకులోని కిటుకు సరిగ్గా ఇదే గనుక, నేను తిన్నది కాపీ కొట్టిన కేకేనని మొదటి పేజీలోనే రాశాడు. దాన్ని బోర్డుకు పంపి, దాపరికం లేకుండా ఉండాలని, అందులో పేరున్న ప్రతివాళ్లకూ ఒక కాపీ పంపాడు. పంపాక మనసు తేలికపడి, ఇంటికెళ్లి నిద్రపోయాడు.

గురువారం పొద్దున గుమాస్తా డెన్నిస్ పైక్ ఈల వేసుకుంటూ వచ్చాడు. ఫిలిపా అడిగింది. అతను తన బీరువా తాళం తీసి, సీలు చెదరని రేకు డబ్బా బయటపెట్టాడు.

"పైన ఎలకలున్నాయి కదా మేడమ్, అందుకే తెచ్చి ఇందులో పెట్టా. బల్ల మీద పెట్టిన కేకా? అది నేనే కొన్నా, మా వీధి చివర సూపర్‌మార్కెట్లో. నిన్న నా పుట్టినరోజు."

ఎవరూ అడగలేదు గనుక అతనూ చెప్పలేదు. అడగడం సభ్యత కాదాయె. గాడ్‌ఫ్రే అతనికి శుభాకాంక్షలు చెప్పాడు, కాస్త ఆలస్యంగా. పైక్ చెత్తబుట్టలోంచి కేకు అట్టపెట్టె తీసి చూపించాడు. అందులో ఏమేం కలిపారో వరసగా అచ్చువేసి ఉంది. మిరియాలూ లేవు, టీ కూడా లేదు.

చేంబర్స్ మొత్తం ఊపిరి పీల్చుకుంది. గాడ్‌ఫ్రే మాత్రం కొత్త కేకు సలహా తన నోటివెంటే వచ్చింది గనుక, తన మీద రాసుకున్న దాంట్లో ఆ పేరా ఉంచేశాడు. మిగతావాళ్లు రిపోర్టులు వెనక్కి తీసుకోవడానికి పోటీపడ్డారు. బేసిల్ నవ్వు ఆపుకోలేకపోయాడు. గొడుగుల వెనక బూట్లు గుర్తొచ్చి, ఈ శనివారం కాస్త నూనె రాసి మెత్తబరచాలనుకున్నాడు. అప్పుడు ఫిలిపా లోపలికొచ్చి తలుపు మూసింది. చేతిలో అతను పంపిన కాపీ ఉంది. ఆమె నవ్వడం లేదు.

"బేసిల్, ఇది పొద్దున తెరిచాను. అర్థమైన వెంటనే ఆపేశాను. కానీ మొదటి పేజీలోనే ఉంది."

"ఏముంది?"

"మిరియాలు. చల్లారిన టీ."

మా ఆయనక్కూడా తెలీదు అన్న ముసలావిడ గొంతు బేసిల్ చెవిలో వినిపించింది. ఇప్పుడది చేంబర్స్‌లో అందరికీ తెలుసు, బోర్డుకు తెలుసు, అన్నిటికన్నా ముఖ్యంగా ఆవిడ మీద వాదించే లాయరుకు తెలుసు.

"రిపోర్టు కోసమైనా సరే క్లయింటు రహస్యం బయటపెట్టకూడదు. తర్వాతి పేజీలో ఉంది, చదవలేదా?"

అతను తల అడ్డంగా ఊపాడు. కేసులోంచి తను తప్పుకుంటున్నానని, తనకు తెలిసిన ముక్క తన క్లయింటుకు చేరనివ్వనని ఫిలిపా చెప్పింది. మిసెస్ త్వెయిట్‌కు మాత్రం అతనే ఫోన్ చేసి చెప్పుకోవాలంది. చెప్పి అతని కాపీని మడిచి కవర్లో పెట్టింది.

"ఇంకోటి కూడా ఉంది. నాకు వేరే దారి లేదు. నిన్న రూలు నువ్వే చదివి వినిపించావు."

"తెలుసు" అన్నాడు బేసిల్.

బేసిల్ ముందు యార్క్‌షైర్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాడు. విన్నాక ఆవిడ తిట్టనైనా తిట్టకుండా, మా అమ్మకేం చెప్పను బాబూ అని ఒక్క మాటడిగి పెట్టేసింది. దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నానని పట్టు గౌను కమిటీకి ఫోన్ చేయడం దానికంటే చాలా తేలికైంది.

మధ్యాహ్నం ఫిలిపా తన రిపోర్టు పంపేముందు, మర్యాదకని, తప్పులేమైనా ఉన్నాయేమో చూడమని అతనికే ఇచ్చింది. అది అర పేజీయే, ఒక్క కామా కూడా మార్చాల్సిన పని లేకపోయింది.