తుప్పు వదిలిన ట్రాక్టరూ, డింప్నా గారూ

రిటైరైన మగవాడికి కావలసింది దైవచింతన కాదు, ఉదయపు నడక అంతకన్నా కాదు. తుప్పు పట్టిన ట్రాక్టర్!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. మొనాఘన్ కౌంటీ లైబ్రరీలో ముప్పై ఆరేళ్లు పుస్తకాల మీద ముద్రలు గుద్ది బయటపడ్డవాణ్ణి. జన్మలో ఒక్క చాలు దున్నలేదు. ఆవు ఎదురొస్తే ఇప్పటికీ నేనే పక్కకి తప్పుకుంటాను. అలాంటి నేను 1951 నాటి బూడిద రంగు ట్రాక్టర్‌ని నాలుగేళ్లపాటు కుస్తీపట్టి కొత్తదాన్ని చేశాను. అదే ఏ రైతు చేతిలోనో పడి ఉంటే ఏమయ్యేది? దున్ని పాడుచేసి ఉండేవాడు!

ఈ వ్యాపకం వల్ల ఆరోగ్యం ఎంత బాగుపడుతుందో తెలుసా? ఏనాడో బిగుసుకుపోయిన ఒక బోల్టుతో పదకొండు రోజులు పోరాడాను. పన్నెండో రోజు అది కదిలింది. నా నడుమూ కదిలింది. ఆ తర్వాత వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ. ఇంట్లో ఒంటరిగా కూర్చునే వయసులో అంతమంది కొత్తవాళ్ల పరిచయం ఊరికే వస్తుందా?

దాంపత్యం సంగతి చెప్పనే అక్కర్లేదు. డిష్‌వాషర్‌లో కార్బురేటర్ కనిపించిన రోజు మా ఆవిడ బ్రీదా నాతో మాట్లాడటం మానేసింది. తొమ్మిది రోజులు! ఆమె నోరు తెరిచాక అడిగిన మొదటి మాట ఇది:

"లోర్కన్, నువ్వు బతికున్నావా, షెడ్డులో ఉన్నావా అని చర్చిలో అడుగుతున్నారు. ఏం చెప్పను?"

"బిజీగా ఉన్నానని చెప్పు."

"సరే. రెండిటికీ సరిపోతుంది."

ఇక విజ్ఞానమంటారా! బూడిద రంగులో మూడు రకాలున్నాయని మీకు తెలుసా? ఏది అసలు బూడిద అన్న విషయం మీద మా పాత ట్రాక్టర్ల క్లబ్బు రెండుగా చీలిపోయింది. ఆ రెండు వర్గాలూ ఇప్పుడు ప్రార్థనలో కూడా ఒకే వరసలో కూర్చోవడం లేదు. దేశానికి ఇంతమంది సిద్ధాంతవాదుల్ని ఇంకే వ్యాపకం ఇస్తుంది చెప్పండి?

ఇన్ని ఘనతలతో, మొన్న ఆగస్టులో ఓ ఆదివారం నా బండిని ప్రదర్శనకి తీసుకెళ్లాను. సన్నగా తుంపర. ఫుట్‌బాల్ మైదానం పక్క పొలంలో వరసగా నలభై ట్రాక్టర్లు. నేను దిగింది 'అచ్చం ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టున్న బండి' అన్న పోటీలో. బండి చుట్టూ తాడు కట్టి, 'తాకరాదు' అని బోర్డు పెట్టి, గుడ్డతో చినుకుల్ని ఒక్కొక్కటిగా తుడుస్తున్నాను.

అంతలో రెయిన్‌కోటు వేసుకున్న ఓ పెద్దావిడ బండి నంబరు ప్లేటు చదివి, చేతికర్రతో తాడు పైకెత్తి లోపలికొచ్చేసింది.

"తాకకండమ్మా! పెయింటు..."

"పద్దెనిమిదేళ్లు దీని మీదే కూర్చున్నాను, అబ్బాయ్. ఇప్పుడు తాకొద్దా?"

అబ్బాయికి అరవై నాలుగేళ్లు.

ఆవిడ పేరు డింప్నా మెకెన్నా. వయసు ఎనభై అయిదు. పదహారో ఏట తండ్రి పోతే, ఈ ట్రాక్టర్ ఎక్కి పొలమంతా తానే దున్నిందట. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. ఎడమ మడ్‌గార్డ్ దగ్గర ఆగి అరచేత్తో తడిమింది.

"ఇక్కడ సొట్ట ఉండాలే?"

"తీసేశానండీ!" అన్నాను ఛాతీ విరుచుకుని. "చలికాలమంతా పట్టింది. జాడ కూడా లేదు చూడండి."

"లేదు," అంది. "అది మా అమ్మ చేసింది. నాన్న పోయిన ఏడు నాకు జ్వరమొస్తే, ఎండుగడ్డి తడిసిపోతుందని తానే ఎక్కింది. గేటుకి గుద్దింది. అమ్మ బండెక్కింది ఆ ఒక్కరోజే."

మడ్‌గార్డ్‌ని ఇంకోసారి తడిమింది. తర్వాత నా ముఖం చూసి జాలిపడ్డట్టుంది. "బాగా చేశావులే, అబ్బాయ్. అచ్చం ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంది. మా ఇంటి నుంచి వచ్చినట్టు లేదు, అంతే."

పాఠకులారా, ఈ బండి ఇంజిన్ నంబరు నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఏ వారంలో తయారైందో చెబుతాను. ఎవరిదీ అని మాత్రం నాలుగేళ్లలో ఒక్కసారి అడగలేదు. నాకు అమ్మిన పాత ఇనుము వ్యాపారిని అడిగితే నిమిషంలో తేలిపోయేది. ఆవిడ ఇల్లు మా ఇంటికి ఆరు మైళ్లు! మా క్లబ్బులోనూ రంగు నంబరు అడిగినవాళ్లే గానీ, మనిషి పేరు అడిగినవాడు లేడు.

తాళంచెవి అందించాను. "నడుపుతారా?"

చేతికర్ర నా చేతిలో పెట్టి ఎక్కేసింది. స్టార్ట్ చేసి, తల వంచి విన్నది.

"దగ్గుతోంది."

పక్కకి వంగి ఓ చిన్న స్క్రూని పావు వంతు తిప్పింది. మూడు పుస్తకాలు చదివి నేను లొంగదీయలేని ఇంజిన్, కుండలో బంగాళాదుంపలు ఉడుకుతున్నట్టు కుతకుతమంది. టీ కప్పుతో అటే వస్తున్న బ్రీదా ఆగిపోయింది.

"లోర్కన్, ట్రాక్టర్ అంటే ఈ చప్పుడా? మరి ఇన్నాళ్లూ మన షెడ్డులో నేను విన్నదేమిటి?"

నడుం నిటారుగా పెట్టి ఆ పెద్దావిడ పొలం చుట్టూ ఓ చుట్టు తిరిగింది. చినుకుల్లో ముఖం వెలిగిపోతోంది. తిరిగొస్తూ గేటు దగ్గర మలుపు తీసుకుంది.

ఠంగ్!

ఎవరో "అయ్యో దేవుడా" అన్నారు. ఇనుప స్తంభం ఊగుతోంది. ఎడమ మడ్‌గార్డ్ మీద అరచేయంత గుంట. ఆవిడ మెల్లగా దిగి, దాని మీద చేయి వేసింది. చేయి తప్పిందో, కావాలనే చేసిందో నేనడగలేదు.

"ఇప్పుడు గుర్తుపట్టాను," అంది.

న్యాయనిర్ణేత యూజీన్ పెన్సిల్‌తో పరిగెత్తుకొచ్చాడు. గుంట చూసి తల పట్టుకున్నాడు.

"బహుమతి కప్పు నీకే రాశాను కదయ్యా, లోర్కన్! ఇదేమిటి? ఫ్యాక్టరీ నుంచి వచ్చింది కాదుగా ఇది?"

"కాదు, యూజీన్," అన్నాను. "కానీ ఈ బండి మొత్తం మీద అసలైనది అదొక్కటే. రాసుకో."