టోన్ కుదిరేదాకా పాట లేదు

పాఠక మహాశయులారా, మీ ఇంట్లో ప్రశాంతత కావాలా? అయితే ఇంట్లో ఎవరో ఒకరికి ఎలక్ట్రిక్ గిటార్ కొనిపెట్టండి!

నవ్వకండి. నేను పూర్తి స్పృహలోనే ఉన్నాను. గిటార్ ఉన్న ఇల్లు గోలగోలగా ఉంటుందనుకోవడం మీ అమాయకత్వం. గోల చేసేవాడు గిటార్ వాయించేవాడు. గిటార్‌కి టోన్, అంటే చెవికి నచ్చే పలుకు, కుదుర్చుకునేవాడు వేరు. వాడు జన్మలో వాయించడు! అలాంటి మహానుభావుడొకడు మా మేడమీద వాటాలో ఉన్నాడు. మా ఆవిడకి స్వయానా తమ్ముడు, నాకు బావమరిది. వీధిలో అందరూ వాణ్ణి టోనుగారు అంటారు.

టోనుగారి బాధ ఏమిటో ముందు మీకు అర్థం కావాలి. వాడి గిటార్ ఒళ్లంతా ఆష్ చెక్క. దాని మీద మేపుల్ పలక. ఈ రెండూ ‘బ్రైట్’ చెక్కలట. అంటే, శబ్దం పదునుగా వచ్చి చెవిలో గుచ్చుకుంటుందన్నమాట. ఇక తీగల కింద పికప్ అని ఒకటుంటుంది. ఓ అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగితీగ. పైన తీగ వణికితే ఇది పట్టుకుని స్పీకర్‌కి అందిస్తుంది. చెక్క పదునుగా ఉంటే పికప్ మెత్తగా ఉండాలి. ఇద్దరూ పదునైనవాళ్లే అయితే కాపురం నిలవదు. ఇద్దరూ మెత్తనివాళ్లయితే ఇంట్లో మాటే వినపడదు. ఇంతే శాస్త్రం! ఈ కాస్త శాస్త్రానికి మావాడు తన యవ్వనమంతా ధారపోశాడు.

అందువల్ల మాకెంత లాభమో చూడండి. వాడొక పికప్ బిగిస్తాడు. తీగ మీటుతాడు. టింగ్! కళ్లు మూసుకుని వింటాడు. ఆముదం తాగినట్టు మొహం పెడతాడు. స్క్రూడ్రైవర్ తీసి పికప్ ఊడదీస్తాడు. అయిపోయింది, ఆ పూటకి కచేరీ సమాప్తం! కింద దుకాణంలో దర్జీ ఆ టింగ్ వినపడ్డాకే కుట్టుమిషన్ మొదలుపెడతాడు, ఇక తన పనికి అడ్డు రాదన్న భరోసాతో.

ఎదురింటాయన సంగతి చూడండి. ఆయన ట్రంపెట్, అదే ఇత్తడి బాకా, నేర్చుకుంటున్నాడు. ఇత్తడిలో రకాలుంటాయని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. అందుకే వాయించేస్తున్నాడు! ఆ వైపు కిటికీలు మేము తెరిచి ఎన్నాళ్లయిందో. ఎవరైనా పుణ్యాత్ములు ఆయన్ని ఓ ఇంటర్నెట్ చర్చావేదికలో చేర్పిస్తే మా వీధంతా రుణపడి ఉంటుంది.

ఆ చర్చావేదికల గొప్పతనం ఏమని చెప్పను! చెక్కని బట్టే శబ్దం అని ఒక వర్గం. చెక్క బూటకం, అంతా పికప్ మహిమే అని ఇంకో వర్గం. పగలంతా తిట్టుకుంటారు. తమాషా ఏమిటంటే, ఇటువాళ్లు గానీ అటువాళ్లు గానీ ఒక్క పాట పూర్తిగా వాయించిన దాఖలా లేదు. ఇంతమంది గిటారిస్టులు ఇంత నిశ్శబ్దంగా ఉండటం ప్రపంచానికి ఎంత మేలు! నన్నడిగితే ఈ శ్రద్ధ అందరికీ రావాలి. సైన్యాధిపతి తన బాకాకి సరిపడే ఇత్తడి కోసం వెతుక్కుంటూ కూర్చుంటే ఇక యుద్ధం ఎప్పుడు మొదలవుతుంది చెప్పండి?

ప్రశాంతత ఒక్కటే కాదు, విజ్ఞానం కూడా! మావాడు ఇంట్లో ఉన్న ప్రతి చెక్కనీ వేలితో తట్టి చూశాడు. భోజనాల బల్ల డల్. బట్టల బీరువా మరీ డల్. కూరలు తరిగే చెక్క మాత్రం బ్రైట్. ఆ చెక్కకి పికప్ బిగించి, నాలుగు తీగలు లాగి, మా ఆవిడ వంకాయలు తరుగుతుంటే ఆ శబ్దాన్ని స్పీకర్లో విన్నాడు. వంకాయ వెచ్చగా పలికిందట. క్యారెట్ మాత్రం చెవులు కోసిందట.

ఒకరోజు మూడో ఇంటి తలుపు కూడా తట్టాడు. రిటైరైన లెక్కల మాస్టారు తలుపు తీశారు.

“ఏం బాబూ, ఎవరు కావాలి?”

“ఎవరూ వద్దు మాస్టారూ. మీ తలుపు వింటున్నాను. మీరు లోపలికెళ్లి మళ్లీ వేసుకోండి.”

పాపం, ఆయన వేసుకున్నారు! అప్పట్నుంచి నిజంగా చుట్టాలొచ్చి తట్టినా తియ్యడం లేదట.

నన్ను మాత్రం వదిలాడా? “బావా, నీ గొంతులో ట్రెబుల్, అదే పదును, ఎక్కువ. మెడకో మఫ్లర్ చుట్టుకుని మాట్లాడు” అన్నాడు. చుట్టుకున్నాను. ఆఫీసులో మా మేనేజర్ జలుబు చేసిందనుకుని సెలవిచ్చాడు. ఇది వరం కాకపోతే మరేమిటి?

అయితే ఇంత ప్రశాంతమైన ఇంట్లో కూడా అసంతృప్తి ఉన్న మనిషి ఒకరున్నారు. టోనుగారి భార్య. నాకు చెల్లెలి వరస. బస్‌స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం ఆమె ఉద్యోగం. చక్కగా పాడుతుంది. ఎంతో కాలంగా మొగుణ్ణి ఆమె అడిగేది ఒక్కటే. తను పాడుతుంటే పక్కన కూర్చుని వాయించమని. నగ అడగలేదు, నట్రా అడగలేదు. ఒక్క పాట!

“టోన్ కుదరనీ” అంటాడు వీడు.

ఈమధ్య బస్ డిపో సిబ్బంది వేడుక వచ్చింది. క్యాంటీన్ హాల్లో శనివారం సాయంత్రం. పాడతానని చెల్లెమ్మ పేరిచ్చింది. మొగుడి పేరు కూడా ఇచ్చేసింది! వీడికి వేరే దారి లేకపోయింది. ఊళ్లో ఉన్న పికప్‌లన్నీ తెచ్చి కుప్ప పోశాడు. ఊడదీశాడు, బిగించాడు, ఊడదీశాడు. చివరికి శుక్రవారం పొద్దున మేడమీంచి ఒక కేక!

“బావా! కుదిరింది!”

అందరం పైకి పరుగెత్తాం. దర్జీ కూడా వచ్చాడు, మెడలో టేపుతో సహా. టింగ్! నిజంగానే బాగుంది. చెల్లెమ్మ మొహం చూడాలి మీరు! ఆ మొహం చూసి నాకే కళ్లు చెమర్చాయి. మేనేజర్ సెలవిచ్చిన రోజు కూడా ఎరగని సంతోషం.

సరిగ్గా అప్పుడే మా ఆవిడకి స్పీకర్ పెట్టె మీద దుమ్ము కనపడింది. కొంగుతో తుడుస్తూ ఆగింది.

“ఒరే తమ్ముడూ, వెనక మూల చిన్న మీట ఉందిరా. బ్రైట్ అని రాసుంది. ఇది ఇలా పైకే ఉండాలా?”

మావాడి మొహం పాలిపోయింది. కొన్ననాటి నుంచీ, శబ్దానికి పదును పెట్టే ఆ మీట పైకే ఉంది! కిందికి నొక్కి తీగ మీటాడు. దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు మొద్దుగా పలికింది.

“కొంప మునిగింది బావా! ఇన్నాళ్లూ నేను పికప్‌లు కుదిర్చింది చెక్కకి కాదు, ఈ స్విచ్‌కి!”

“అయితే ఏమైందిరా, మళ్లీ పైకి నొక్కు. ఇందాక బాగానే ఉందిగా!” అన్నాను.

“బాగుంటే సరిపోతుందా? అది చెక్క శబ్దం కాదు కదా!”

“అయితే రేపు మీరు రారా?” అని అడిగింది చెల్లెమ్మ.

“వస్తాను, వచ్చి ముందు వరసలో కూర్చుంటాను. వాయించడం అంటావా, ఇప్పుడు మళ్లీ మొదట్నుంచి రావాలి. నువ్వే చెప్పు, ఈ టోన్‌తో పదిమందిలో పరువుండద్దూ?”

ఆమె డ్యూటీకి టైమైందని బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. వాడి చేతిలో స్క్రూడ్రైవర్ లాక్కుని కిటికీలోంచి విసిరేద్దామనుకున్నాను. కింద దర్జీ గుడ్డలున్నాయని ఆగాను.

శనివారం హాలంతా డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు, వాళ్ల పిల్లలు. చెల్లెమ్మ మైకు ముందుకొచ్చి, తన ఫోన్ని మైకుకి దగ్గరగా పెట్టి ఏదో నొక్కింది. అందులోంచి గిటార్ మొదలైంది. సన్నటి శబ్దం. అప్పుడప్పుడూ ఓ తీగ శ్రుతి తప్పుతోంది కూడా. ఆ గిటార్ పక్కనే ఆమె పాట అందుకుంది. రోజూ ఆ గొంతులో బస్సుల పేర్లే విన్న డ్రైవర్లు టీ గ్లాసులు నోటిదాకా తీసుకెళ్లి అలాగే ఉండిపోయారు.

మావాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు. అమ్మయ్య, ఇన్నాళ్లకి వీడి చెవులు తెరుచుకున్నాయి అనుకున్నాను.

“బావా, ఏం టోన్ బావా అది! ఆ వాయించేవాడు ఎవడో కనుక్కోవా. ఏ చెక్కో, ఏ పికప్పో అడగాలి.”

ఇంతలో ఫోన్లోంచి, గిటార్ మధ్యలో, ఒక మగగొంతు చిన్నగా నవ్వింది. నాకు బాగా తెలిసిన నవ్వు.

“నువ్వేరా వెధవా!” అన్నాను.

“నేనా? నా దగ్గర ఇలాంటి గిటార్ ఎప్పుడుంది?”

“నీ పెళ్లైన కొత్తలో ఎవరి దగ్గరో అరువు తెచ్చావు చూడు, అది. చెల్లెమ్మ అప్పుడే రికార్డు చేసి దాచుకున్నట్టుంది.”

పాట అయిపోయింది. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. చెల్లెమ్మ దిగి వచ్చేలోపే వీడు ఎదురెళ్లాడు. పాట బాగుందని చెప్తాడేమో అని నేనూ మా ఆవిడా ఆశగా చూశాం.

“ఏమోయ్, ఆ గిటార్ ఏ చెక్కో నీకేమైనా గుర్తుందా?”

ఆమె ఒక్క క్షణం మొగుడి మొహంలోకి చూసింది.

“చెక్క నేను చూడలేదండీ. అప్పుడు మీరు నన్ను చూస్తూ వాయించేవారు. అది గుర్తుంది.”

ఆ మాట వాడికి వినపడిందో లేదో! అరువిచ్చిన స్నేహితుడు ఇప్పుడెక్కడున్నాడో కనుక్కుంటానని అప్పుడే ఫోన్ తీసి ఓ మూలకి వెళ్లిపోయాడు. మేం ముగ్గురం డిపో బస్సెక్కి ఇంటికొచ్చాం. చెల్లెమ్మ కిటికీ పక్కన కూర్చుంది. దారి పొడుగునా ఒక్క మాట లేదు. నేనింతసేపూ పొగిడిన ప్రశాంతత అదేనండీ. నాకు ఊపిరాడలేదు.

మీలో ఎవరికైనా మావాడు తెలిస్తే దయచేసి చెప్పండి. ఆ మీట పైకుంటేనేం, కిందికుంటేనేం! ఆ అమ్మాయి పక్కన కూర్చుని ఒక్క పాట వాయించమనండి. చిల్లులు పడితే మా చెవులే కదా, పడనీయండి!