రొయ్యలు ముట్టని వకీలు

ఆ ఉదయం జమున వేసుకున్న పథకం చాలా చిన్నది. వీరలక్ష్మి ఆఫీసుకు వస్తుంది, గిడియోన్ ఆమె చేత సంతకం పెట్టిస్తాడు, ఇద్దరూ వెళ్ళి కాగితం దాఖలు చేస్తారు, మధ్యాహ్నానికి అందరూ ఎవరి అన్నం వాళ్ళు తింటారు. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదనుకుంది. అరబ్బు దేశంలో, ముహర్రక్ అనే ఊళ్ళో ఒక దర్జీ కొట్టు మీద, రెండు గదుల్లో, వలస కార్మికులకు ఉచిత న్యాయ సహాయ కేంద్రం నడిపే మనిషి ఇన్నేళ్ళ తర్వాత కూడా అలా అనుకుందంటే తప్పు ఆమెదే.

వీరలక్ష్మిది రాజోలు వైపు. కర్జకాన్‌లో ఖలీల్ అనే ఆయన ఇంట్లో పనికి వచ్చింది. కాగితం మీద ఒకే ఇల్లు. ఊడ్చింది మాత్రం ఖలీల్ ఇల్లు, అతని తమ్ముడి ఇల్లు, చెల్లెలి ఇల్లు. ఒళ్ళు హూనమైపోయి ఒకనాడు బయటికి వచ్చేసింది. ఆమెకు వీసా ఇచ్చిన కఫీల్ కూడా ఆ ఖలీలే కనక, వెంటనే పనిమనిషి పారిపోయిందని ఫిర్యాదు పెట్టాడు. దాని మీద అభ్యంతరం చెప్పుకోవడానికి ఈరోజే ఆఖరు. చెప్పకపోతే ఆమెను ఊరికి పంపేస్తారు, మళ్ళీ ఈ గడ్డ మీద అడుగు పెట్టనివ్వరు. చెప్పగలిగితే గలాలీలో ఒక చిన్నపిల్లల బడిలో వంటపని సిద్ధంగా ఉంది. ఒకే ఒక్క వంటగది! ఆ మాట తలుచుకుంటే చాలు, వీరలక్ష్మికి కళ్ళనీళ్ళు తిరిగేవి.

గిడియోన్ మనామాలో ఒక కంపెనీ లాయరు. సెలవు పెట్టి మరీ ఉచితంగా పనిచేయడానికి వచ్చాడు. శిక్షణలో జమున అతనికి నూరిపోసిన రూళ్ళలో మొదటిది, కేసుతో సంబంధం ఉన్న ఎవరి దగ్గరా మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టకూడదని. ఆ రూలు ఊరికే పుట్టలేదు. పోయిన నెల ఒక వాలంటీరు ఎవరో తెచ్చిన బిర్యానీ మొహమాటానికి తిన్నాడు. మర్నాటికల్లా బిర్యానీ పెట్టినవాళ్ళ కేసే ముందు కదులుతుందని కార్మికుల క్యాంపులన్నీ కోడై కూశాయి. గిడియోన్ ఈ రూలును బైబిలు వాక్యంలాగా కంఠస్థం చేశాడు. జమున మురిసిపోయింది కూడా.

అంతలో విమానాశ్రయం నుంచి ఫోను. ఊరికి వెళ్ళిపోతున్న ఒకావిడ సామాను బరువెక్కువైందట, అక్కడే కూర్చుని ఏడుస్తోందట.

"నేను వెళ్ళొస్తాను. వీరలక్ష్మి రాగానే పని మొదలుపెట్టెయ్. రూళ్ళు గుర్తున్నాయిగా?" అంది జమున.

"గుర్తున్నాయి మేడం," అన్నాడు గిడియోన్. అదే కొంప ముంచింది.

వీరలక్ష్మి స్టీలు డబ్బాతో వచ్చింది. చీకటితోనే లేచి రొయ్యలు వలిచి వేపుడు చేసింది.

"రొయ్యల వేపుడండి బాబూ. వేడిగా ఉంది, కాస్త తినేసి మాట్లాడుకుందామండి."

"వద్దమ్మా. నేను తీసుకోకూడదు."

"కారం తక్కువే వేశానండి."

"కారం సంగతి కాదమ్మా. మీ దగ్గర నేనేమీ తీసుకోకూడదు. ముందు ఆ డబ్బా బయట పెట్టి రండి."

వీరలక్ష్మి మొహం పాలిపోయింది. తెచ్చిన వంట వేలు పెట్టి చూడకుండా తిప్పి పంపారంటే వాళ్ళ ఊళ్ళో అర్థం ఒక్కటే. నీకూ మాకూ ఇక రాకపోకలు లేవు. లాయరే ఆ మాటంటే ఇంకేముంది, అవతలివాళ్ళ ఇంట్లో తినేసి ఉంటాడు! ఆమె డబ్బా బయట పెట్టడానికి లేచి, డబ్బాతో సహా మెట్లు దిగి వెళ్ళిపోయింది. గిడియోన్ ఫైలు తెరిచి, పెన్ను మూత తీసి, ఆమె కోసం కూర్చున్నాడు.

వీరలక్ష్మి సరాసరి జీవమ్మ దగ్గరికి పోయింది. కరీంనగర్ నుంచి వచ్చిన జీవమ్మ తెలుగు ప్రార్థన సహవాసానికి పెద్దదిక్కు. వీరలక్ష్మిని ఈ కేంద్రానికి తీసుకొచ్చిందీ తనే.

"ముట్టనే లేదా?" అంది జీవమ్మ.

"మూతైనా తియ్యలేదక్కా. బయట పెట్టమన్నాడు. నా పని అయిపోయినట్టే."

"గట్లెందుకంటవ్ చెల్లె? గాయనకు రొయ్యలు పడయేమో. జర ఆగు, నేను జూస్త."

చూడడమంటే సహవాసం ఫోన్ గ్రూపులో మాట్లాడి పెట్టడం. "లాయర్ సార్ అలిగిండు. రొయ్యలు ముట్టలేదు. ఎవరింట్ల ఏం వండిన్రో అది పట్టుకొని పోండ్రి. వీరలక్ష్మి కొరకు ప్రార్థన జెయ్యిన్రి." నైట్ డ్యూటీ దిగి పడుకున్నవాళ్ళు కూడా లేచి గిన్నెలు సర్దారు.

గంట తిరిగేసరికి ఆఫీసు మెట్ల మీద గుత్తివంకాయ కూర, కోడి పులావు, పప్పుచారు వరసగా నిలబడ్డాయి. గిడియోన్ ఒక్కొక్క గిన్నెకూ విడివిడిగా రూలు వివరించాడు.

"ఇది మీకు మేమిచ్చేది కాదు సార్, వీరలక్ష్మి తరఫున," అందొకావిడ.

"ఆవిడ తరఫున అసలే తీసుకోకూడదమ్మా."

"వంకాయ కూడా తినడంట!" అన్న కబురు మెట్ల కిందికి పాకి, వెంటనే సాంబారు, ఉప్మా రప్పించింది. కింద దర్జీ రషీద్ భాయ్ పైన కొత్త మెస్ పెట్టారనుకుని కుట్టుపనివాళ్ళను పంపాడు. వాళ్ళు ప్లేటు ఎంత భాయ్ అని గిడియోన్‌నే అడిగారు. అనుమతి లేకుండా హోటలేమిటని భవనం యజమాని పరుగెత్తుకొచ్చాడు. సరిగ్గా అప్పుడు జమున తిరిగొచ్చింది.

"వీరలక్ష్మి ఏది?"

"డబ్బా బయట పెట్టడానికి వెళ్ళింది మేడం."

"ఎప్పుడు?"

"పొద్దున."

జమున నెత్తి బాదుకుంది. ఫోను చేస్తే స్విచ్చాఫ్. పులావు గిన్నె వెనక నుంచి జీవమ్మ నెమ్మదిగా నోరు విప్పింది. "మేడం, చెల్లె కర్జకాన్ పోయింది. లాయరే కాదన్నంక ఆ ఇంటి ముసలమ్మ కాళ్ళే దిక్కన్నది. నేను వద్దన్న, ఇనలే."

ఆ గుమ్మం తొక్కొద్దని జమున లక్షసార్లు చెప్పింది. అక్కడ ఖలీల్ పట్టుకుని పోలీసులకు అప్పగిస్తే అభ్యంతరమూ లేదు, గలాలీ వంటగదీ లేదు. కారులో దారి పొడుగునా ఆమె గిడియోన్‌ని తిడుతూనే ఉంది. రూలు పెట్టింది తనేనని గుర్తొచ్చినప్పుడల్లా ఇంకా గట్టిగా తిట్టింది.

వాళ్ళు వెళ్ళేసరికి ఖలీల్ తల్లి తివాచీ మీద కూర్చుని రొయ్యలు తింటోంది. వీరలక్ష్మి ఆమె కాళ్ళ దగ్గర ముడుచుకుని ఉంది. ముసలావిడ వేపుడు బ్రహ్మాండంగా ఉందంది గాని, ఫిర్యాదు సంగతి కొడుకునే అడగమందట. కొడుకు ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"పోలీసులకు చేస్తున్నాను," అన్నాడు హిందీలో.

"ముందు కూర్చోనీ. ఇంటికొచ్చినవాళ్ళు," అని అరబ్బీలో కసిరి, ముసలావిడ చిన్న కప్పుల్లో కాఫీ పోయించింది.

జమునకు ఒళ్ళు మండిపోతోంది, కాఫీ మీద ధ్యాస ఎక్కడ? పైగా అవతలి పక్షం ఇల్లు. ఆమె కప్పు కింద పెట్టేసింది. గిడియోన్ కూడా పెట్టేశాడు.

ముసలావిడ నమలడం ఆపింది. ఖలీల్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ కొడుకుని గుడ్లురిమి చూస్తూ ఏదో అంది.

ఖలీల్ నీరుగారిపోయాడు. "మా అమ్మకు పాత ఆచారాలు ఎక్కువ. అతిథి కాఫీ ముట్టకుండా కింద పెట్టాడంటే పెద్ద కోరికతో వచ్చాడని అర్థం. మేం సరేనంటేగాని తాగడు. తాగకుండా లేచిపోతే ఈ వీధిలో మాకు తలెత్తుకునే దారి ఉండదు. అడగండి, ఏం కావాలి?"

"ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలి," అంది జమున, తన చెవులను తనే నమ్మలేక.

ఖలీల్ తల్లి వైపు చూశాడు. తల్లి కప్పు వైపు చూసింది. అతను ఫోను తీసి, ఎక్కడెక్కడో నొక్కి, ఫిర్యాదు రద్దయినట్టు వచ్చిన సందేశం చూపించాడు. "ఖలాస్. తాగండి."

జమున రూలును గంగలో కలిపి ఒక్క గుక్కలో తాగేసింది. గిడియోన్ కదల్లేదు.

"తాగు," అంది జమున పళ్ళ బిగువున.

"నన్ను పరీక్షిస్తున్నారని తెలుసు మేడం. నేను తాగను."

"ఈయనకు ఇంకా ఏదో కావాలి," అంది ముసలావిడ ఆందోళనగా. ఖలీల్ గబగబా లోపలికెళ్ళి, ఇన్నాళ్ళూ తన దగ్గరే ఉంచుకున్న వీరలక్ష్మి పాస్‌పోర్టు తెచ్చి గిడియోన్ ఒళ్ళో పెట్టాడు. ఈ గందరగోళంలో పాస్‌పోర్టు అడగాలన్న సంగతే జమున మరిచిపోయింది. ఇక అతన్ని తాగమనడం మానేసింది. చివరికి ఆ కప్పు వీరలక్ష్మి ఎత్తి, ఏడుస్తూనే, గడగడా తాగేసింది.

తిరుగు దారిలో ఆమె పాస్‌పోర్టును రెండు చేతులా గుండెకు అదుముకుని కూర్చుంది. అన్ని తిట్లు తిట్టినందుకు జమున గిడియోన్‌కి ఏదైనా మంచి మాట చెప్పాలనుకుంది. ఈలోగా వీరలక్ష్మి ముందుకు వంగి ఆమె చెవిలో గుసగుసలాడింది.

"ఆ బాబుకి కాఫీ కూడా పడనట్టుందండి. రేపొచ్చేటప్పుడు మజ్జిగ తెస్తాను."