గచ్చిబౌలి బండ, ద్వితీయ ముద్రణ

గచ్చిబౌలిలో ఒక బండ కదులుతున్నదన్న మాటకు ఎలాంటి ఆధారమూ లేదని ప్రవర్తనా పరిశోధనాలయం వారి ఆధార సూచికల ఉపసంఘం 1998 జూన్ పన్నెండున ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం ప్రతులను సభ్యులందరికీ పంపారు. బండకు పంపలేదు.

పూర్వాపరాలు ఇవి. పరిశోధనాలయం ప్రహరీ పక్కనే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి అద్దాల భవనం లేస్తున్నది. రోజూ మధ్యాహ్నం అక్కడ మందు పెట్టి రాళ్లు పేలుస్తారు. పేల్చినవి పోగా ఒక పెద్ద బండ మరో బండ మీద, బస్సు మెట్టు మీద ఒంటికాలితో వేలాడే ప్రయాణికుడిలా మిగిలింది. దాని కింద కూలీల గుడిసెలు పదకొండు. ప్లానులో గుడిసెల స్థలం అక్కడే చూపించారు గనుక అవి అక్కడే ఉన్నాయి.

మక్తల్ వైపు నుంచి వచ్చి ఇసుక మోస్తున్న యాదమ్మ రెండు బండల నడుమ సందును చేత్తో కొలిచి చూసుకునేది. ఉగాదికి వేలు పట్టింది. మే నెలాఖరుకు పిడికిలి పట్టింది. వెళ్లి సైటు ఇంజనీరు లింగమూర్తికి చెప్పింది.

"నువ్వు జెప్తే అయితదా? పెద్ద సదువులోళ్లు రాసిన కాగితం తే, అదే దినం జరిపిస్త," అన్నాడాయన. "కాగితం లేకుంట ఒక్క గుడిసె జరిగినా హాజరు పుస్తకంల మీ పేర్లుండయి."

కూలీల మానసిక ఆందోళన మీద ఆ పరిశోధనాలయంలోనే డాక్టరేటుకు పరిశోధన చేస్తున్న సౌజన్య ఆ వారమే ప్రశ్నావళి పట్టుకుని గుడిసెలకు వచ్చింది. 'మీకు తరచుగా అకారణమైన భయం కలుగుతుందా?' అన్నది మొదటి ప్రశ్న. యాదమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కారణం చూపించింది. సౌజన్య తన వ్యాసంలో 'బండ కదులుతున్నది' అని ఒక వాక్యం రాసి, ఆధారాల జాబితాలో యాదమ్మ పేరు చేర్చింది. వ్యాసం అచ్చయితే లింగమూర్తి అడిగిన కాగితం అదే. అచ్చుకు ముందు జాబితాను ఉపసంఘం ఆమోదించాలి.

ఉపసంఘం అధ్యక్షులు ఆచార్య కామేశ్వరరావుగారు విశాల హృదయులు. కామాలు తప్పిన జాబితాలను సైతం ఒకసారి క్షమించి, రెండోసారే తిప్పి పంపుతారు.

"చూడమ్మా సౌజన్యా, ఆవిడ అబద్ధం చెబుతోందని నేననను," అన్నారు నిలబడి. "కానీ ఆవిణ్ణి ఇంతకు ముందు ఎవరు ఉదహరించారు? ఎవరూ ఉదహరించని మనిషిని మనం ఉదహరిస్తే, రేపు ప్రతివాళ్లూ కళ్లతో చూసింది రాసుకుంటూ పోతారు. శాస్త్రం ఏమైపోవాలి?"

సభ్యులు బల్లలు చరిచారు. పైగా జాబితాలో ఇంటిపేరు ముందు రావాలి. యాదమ్మకు ఇంటిపేరు లేదని ఉపసంఘం నమోదు చేసింది. అడిగి ఉంటే ఆమె చెప్పేదే.

యాదమ్మ ద్వితీయ ఆధారమనీ, బండే మూలాధారమనీ, కాబట్టి జాబితాలో బండనే చేర్చాలనీ తేల్చారు. రచయిత: అజ్ఞాతం. ప్రచురణ స్థలం: గచ్చిబౌలి. సంవత్సరం: సుమారు రెండు వందల యాభై కోట్ల ఏళ్ల క్రితం. ఏ నెలో తెలపమని ఒక భూగర్భ శాస్త్రవేత్తకు ఉత్తరం రాశారు. పిడికిలి మందం కదిలింది గనుక ద్వితీయ ముద్రణ అనాలని ఒక సభ్యుడు, విషయం మారలేదు గనుక పునర్ముద్రణ అనాలని మరొక సభ్యుడు మూడు సమావేశాలు వాదించుకున్నారు. బండ కదిలిందని ఇద్దరూ ఒప్పుకున్న సంగతి ఎవరి దృష్టికీ రాలేదు.

నాలుగో సమావేశం బండ దగ్గరే జరిపారు. కుర్చీలు బండ ఒరగని పక్కన వేయించుకున్నారు. గాలి కోసం అని కార్యక్రమ పుస్తకంలో ఉంది. కాళ్లు నమ్మిన విషయాన్ని కాగితం నమ్మడానికి కొంత వ్యవధి పట్టడం విద్యావంతుల మనసులో సహజమైన ప్రక్రియే.

వానలు మొదలయ్యాయి. యాదమ్మ పరిశోధనాలయం మెట్ల దగ్గర సౌజన్యను ఆపింది.

"ఏందమ్మా, నీ కాగితం అచ్చయిందా?"

"ఇంకా లేదు యాదమ్మా. నువ్వు చెప్పినదానికి ఆధారం దొరకలేదంటున్నారు."

"నేను గీడ్నే ఉన్న గద."

 సౌజన్య ఏ జవాబిచ్చినా, అది ఎక్కడి నుంచి తీసుకున్నదో చెప్పాల్సి వచ్చేది.

ఆదివారం లింగమూర్తి చందానగర్‌లో పెళ్లికి వెళ్లిన పూట, పదకొండు గుడిసెలనూ కూలీలే ఊడదీసి రోడ్డు పక్కన వేసుకున్నారు. సోమవారం హాజరు పుస్తకంలో వాళ్ల పేర్లు లేవు. బుధవారం మధ్యాహ్నం పేలుడు చప్పుడు తర్వాత బండ దిగివచ్చింది. గుడిసెలు వదిలివెళ్లిన పొయ్యి రాళ్లు పిండయ్యాయి.

ఉపసంఘం అత్యవసరంగా కూడింది. ప్రాణనష్టం ఏదీ జరగనందున ప్రమాదం ఉండిందనడానికి ఆధారం లేదని నిర్ధారించింది. కూలీలు తొందరపడి తరలిపోవడం వల్ల, మృతుల సంఖ్య కోసం గీసిపెట్టిన నాలుగో పట్టిక ఖాళీగా మిగిలిందని విచారం వ్యక్తం చేసింది.

తర్వాత కామేశ్వరరావుగారే ఒక వ్యాసం ప్రకటించారు. ఆధారాలు అరవై నాలుగు. అందులో పందొమ్మిది ఆయనవే. మొదటి వాక్యం 'బండ కదిలింది'. ఇక ఆ వాక్యాన్ని సౌజన్య నిరభ్యంతరంగా వాడుకోవచ్చని, ఆయన పేరు ఉదహరిస్తే చాలని ఉదారంగా అనుమతించారు. సౌజన్య ఉదహరించింది. పట్టా వచ్చింది.

ఆ వ్యాసం జిరాక్సు ప్రతిని ఆమే యాదమ్మకు ఇచ్చింది. యాదమ్మ దాన్ని లింగమూర్తి ముందు పెట్టి, పేర్లు మళ్లీ ఎక్కించమంది. ఆయన చేతులు తుడుచుకుని, చివరి పేజీ దాకా భక్తిగా తిప్పాడు.

"కాగితం మంచిగనే ఉన్నది. గిందుల నీ పేరేది?"

"బండ పేరున్నది గద సారూ."

"అయితే బండనే పనికి తోలు."

పదకొండు గుడిసెల వాళ్లూ పని వెతుక్కుంటూ బోరబండ వైపు వెళ్లారు.

ఈ కథలో యాదమ్మ అన్న ప్రతి మాటనూ మీరు నమ్మారు. ఒక్కచోట కూడా ఆధారం అడగలేదు. అచ్చులో ఉంది కదా. ఆమే వచ్చి మీ గేటు ముందు నిలబడి, మీ ప్రహరీ బీటలిచ్చిందని చెప్పిందనుకోండి. గోడ వైపు చూడరు. నిన్నెవరు పంపారని అడుగుతారు.