బ్లెస్సీ ఫ్లెక్సీ కోటు

ఏలూరు ఇక మీదట ప్యారిస్ అని మంత్రి ఈశ్వరప్రసాద్ గారు ప్రకటించినప్పుడు నేను వేదిక వెనకాల నిచ్చెన మీద ఉన్నాను. ఊడిపోతున్న ఫ్లెక్సీ మూల కడుతున్నాను. అది నేను వేసిందే. పవర్‌పేటలో ‘మణిదీప్ డిజిటల్స్’ నాది, నా పేరు బంగార్రాజు. మంత్రిగారిని దగ్గర్నుంచి చూసినవాళ్ళు చాలామంది ఉంటారు గానీ, ఆయన ముక్కుని నిలువెత్తున చూసినవాణ్ణి జిల్లాలో నేనొక్కణ్ణే. కాబట్టి ఆయన గొప్పతనం గురించి నా మాట నమ్మవచ్చు.

“మన ఆడపిల్లలకి ఫ్యాషన్ డిజైనింగ్ కోర్సు ఇస్తున్నాను,” అన్నారు మంత్రిగారు, ఆడపిల్లల కాలేజీ ఆవరణలో. “ప్యారిస్‌లో ఫ్యాషన్ చదివేవాళ్ళు సైకిళ్ళ మీదే వస్తారంట. అందుకని సైకిళ్ళు కూడా ఇస్తున్నాను. పొగ ఉండదు, పెట్రోలు ఉండదు!”

చప్పట్లు ఆగకముందే ఆయన బారెడు కాన్వాయ్‌తో వెళ్ళిపోయారు. ఆ పొగలో పిల్లలు తమ సైకిళ్ళు వెతుక్కున్నారు.

కోర్సు మొదలైంది. కుట్టుమిషన్లు ఒకటీ అరా ఉన్నాయి, బట్ట రాలేదు. బోటనీ చెప్పే జ్ఞానప్రసూనాంబ గారు చీరలు బాగా కడతారని ఆవిడకి ఈ కోర్సు అప్పగించారు. ఆవిడ గది చుట్టూ చూశారు. ప్రారంభోత్సవం ఫ్లెక్సీలు ఒక మూల గుట్టగా పడి ఉన్నాయి. మామూలుగా అయితే మా వైపు మీటింగ్ అయిపోయిన ఫ్లెక్సీ ధాన్యం రాశి మీదకో, చేపల మేత బస్తాల మీదకో వెళ్తుంది. ఈసారి విద్యారంగానికి వెళ్ళింది.

“ఉన్నదాంతో కుట్టడమే డిజైనింగ్ అమ్మా,” అన్నారట ఆవిడ.

ఆ క్లాసులో బ్లెస్సీ అనే పిల్ల ఉంది. ఊరు కొల్లేటి గట్టున శ్రీపర్రు. తండ్రి నెహెమ్యా చెరువుల దగ్గర చేపలు కొని, సైకిలు మీద ఏలూరు వీధుల్లో అమ్ముతాడు. కాలేజీ టైముకి ఆ ఊరికి బస్సు లేదు. కాబట్టి బ్లెస్సీకి మంత్రిగారి సైకిలే గతి. ఆ రోడ్డు మీద చేపల లారీలు, కాలేజీ బస్సులు, షేర్ ఆటోలు తిరుగుతాయి. వాళ్ళ కంటికి సైకిలు ఆనదు. ఆనితే హారన్ కొడతారు. హారన్ కొట్టాక దారి వాళ్ళదే, కాలవ మనది.

బ్లెస్సీ అప్పటికే రెండుసార్లు కాలవలో పడింది. ఫ్లెక్సీ ముక్కలేమన్నా మిగిలాయేమోనని మా షాపుకి వచ్చినప్పుడు వెంట తండ్రి కూడా ఉన్నాడు.

“చూడండి బంగార్రాజు గారూ, మీ ముందే చెప్తన్నాను,” అన్నాడు నెహెమ్యా. “ఇంకొక్కసారి పడిందంటే కాలేజీ మానిపించేస్తానండి. ఇంటికాడ కూర్చుని చీరలకి పీకో, ఫాలు కుట్టుకుంటది.”

“పీకో ఎవరైనా కుడతారు నాన్నా. నేను గీసింది నేను కుట్టాలి. బోర్డు మీద నా పేరుండాలి,” అంది బ్లెస్సీ.

“పేరు సంగతి తర్వాత. ముందు మనిషుండాలి.”

వారం తిరక్కుండా బ్లెస్సీ ఫ్లెక్సీతో కోటు కుట్టింది. కత్తిరింపు ఎలా కుదిరిందో గానీ, మంత్రిగారి మొహం చెవులతో సహా సరిగ్గా వీపు మీద పడింది. కింద నమస్కారం పెడుతున్న చేతులు కూడా వచ్చాయి. ఆ కోటు తొడుక్కుని రోడ్డెక్కింది.

మొదట చేపల లారీ బ్రేకేసింది. “బాబోయ్, అయ్యగారికి తగిలిందంటే నా బండి స్టేషన్లోనే తుప్పు పట్టుద్దండీ!” అన్నాడు డ్రైవరు. కాలేజీ బస్సు ఓవర్‌టేక్ చెయ్యకుండా ఊరిదాకా ఆమె వెనకాలే నడిచి వచ్చింది. ఒక ఆటో అతను వీపుకేసి దణ్ణం పెట్టి, “తమరు ముందెళ్ళండి,” అన్నాడు. ట్రాఫిక్ కానిస్టేబుల్ సెల్యూట్ కొట్టాడు. ఎవరికి కొట్టాడని అడగడం మర్యాద కాదు.

సంగతి మంత్రిగారిదాకా వెళ్ళింది. వెంటనే ప్రెస్ మీట్ పెట్టారు.

“నా నవ్వు రోడ్డు భద్రతకి పనికొస్తుందని నాకెప్పుడో తెలుసు. రోడ్లు వెడల్పు చెయ్యాలంటే ఏళ్ళు పడుతుంది. నేను నవ్వాలంటే ఎంతసేపు?”

‘చిరునవ్వు కవచం’ పథకం అలా పుట్టింది. తాడేపల్లిగూడెం నుంచి కూడా ఆర్డర్లు వచ్చాయి. నా మిషనుకి ఊపిరి సలపలేదు. మంత్రిగారి మీద నా గౌరవం రోజురోజుకీ పెరిగింది.

ఆయనకి కొల్లేటిలో చేపల చెరువులున్నాయని గిట్టనివాళ్ళు అంటారు. నిజానికి ఆయన పొద్దున్నే అటు వెళ్ళేది పక్షుల్ని చూడ్డానికి. ఒక రోజు అలా చూసి వస్తుంటే, ముందు బ్లెస్సీ పోతోంది. నేను ఫ్లెక్సీ కట్టడానికి స్కూటర్ మీద వెళ్తూ ఆ వెనకే ఉన్నాను. సైరన్ వినగానే లారీలన్నీ పక్కకి ఒదిగాయి. బ్లెస్సీ మాత్రం వీపు మీద నమ్మకంతో తిన్నగా పోయింది. మంత్రిగారి కారు అద్దం సైకిలు హ్యాండిల్‌కి తగిలింది. పిల్ల కాలవలో పడింది. కారు ఆగలేదు.

వెనక వస్తున్న కార్యకర్తలు మాత్రం ఆగారు. “అయ్యో, అయ్యగారి మొహానికి బురద!” అంటూ కాలవలోకి దూకారు. వాటర్ బాటిళ్ళు తెప్పించి, ముందు కళ్ళు, తర్వాత మీసం కడిగారు. మోచెయ్యి గీరుకుపోయి, గుర్రపుడెక్కలో మోకాటిదాకా నిలబడిన బ్లెస్సీని కదలొద్దన్నారు. కదిలితే మీసం సరిగ్గా రాదట.

సాయంత్రం టీ కొట్టు దగ్గర మంత్రిగారి డ్రైవరు అబ్బులు కనబడ్డాడు.

“అయ్యగారి బొమ్మ చూసైనా ఆపలేదేం అబ్బులూ?”

“అసలు అయ్యగారు నా వెనక సీట్లోనే ఉన్నారు కదండీ. ఇంక బొమ్మకి ఆగేదేంటి?” అన్నాడు. “ఆయన ఆపమనేది ఒక్క చోటేనండి. అశ్రునివాళి ఫ్లెక్సీ కనబడితే ఎంత స్పీడులో ఉన్నా ఆపాల్సిందే. దండలు డిక్కీలోనే ఉంటాయి.”

మర్నాడు తండ్రీకూతుళ్ళు వచ్చారు. కోర్సు మానేస్తోందని చెప్పి వెళ్దామని వచ్చాడు నెహెమ్యా. బ్లెస్సీ కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నాకు మనసు పాడైంది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని అబ్బులు చెప్పిందంతా చెప్పాను.

బ్లెస్సీ కళ్ళు తుడుచుకుంది. తర్వాత బ్యాగులోంచి తన పాస్‌పోర్ట్ సైజు ఫొటో తీసి కౌంటర్ మీద పెట్టింది.

“దీన్ని వీపు సైజుకి పెంచండి అంకుల్. ఒక్కసారే నాన్నా, ఈ ఒక్కసారే.”

ఏం రాయాలో కూడా చెప్పింది. నెహెమ్యా “ప్రభువా!” అని కుర్చీలో కూలబడ్డాడు. నేను చుట్టూ పూల బోర్డరు వేసి, జననం తేదీ వేసి, మరణం దగ్గర ఖాళీ వదిలాను.

ఆ కొత్త కోటు తొడుక్కుని ఆమె రోడ్డెక్కిన పొద్దున్న ఉండబట్టలేక నేనూ స్కూటర్ మీద వెనకాల వెళ్ళాను. సైరన్ వినబడింది. కారు దూసుకొచ్చి, బ్లెస్సీ వెనక కీచుమని ఆగింది. మంత్రిగారు దిగారు. చెప్పులు విడిచారు.

“కుమారి బ్లెస్సీ. అశ్రునివాళి,” అని చదివారు. “అయ్యయ్యో, ఈ అమ్మాయి నాకు బాగా తెలుసు. సొంత కూతురులాంటిది.”

దండ వీపు మీద వేశారు. అది జారిపోతుంటే బ్లెస్సీ చెయ్యి వెనక్కి పెట్టి పట్టుకుంది. నిమిషం మౌనం పాటించారు. చేపల లారీలు, కాలేజీ బస్సులు ఇంజన్లు ఆపాయి. ఆ రోడ్డు మీద పక్షుల అరుపు వినడం నాకదే మొదలు.

మంత్రిగారు ముందుకి వచ్చి ఆమె తల మీద చెయ్యి వేశారు. “చెల్లెలివా అమ్మా?”

“కాదండీ. నేనేనండీ.”

“ధైర్యంగా ఉండు,” అన్నారు. ఫొటోగ్రాఫర్ వైపు తిరిగి, “వచ్చిందా?” అని అడిగి కారెక్కారు.

బ్లెస్సీ గంట కొట్టకముందే క్లాసులో ఉంది. ఆ కోర్సుకి ఆమె స్మారకంగా ఆమె పేరే పెడుతున్నట్టు మర్నాడు పేపర్లో వచ్చింది. బోర్డు నన్నే రాయమన్నారు.

బోర్డు రాస్తుండగా నెహెమ్యా సైకిలు స్టాండు వేసి, చేపల బుట్ట దించి లోపలికి వచ్చాడు. చేతులు లుంగీకి తుడుచుకుని, జేబులోంచి తన ఫొటో తీశాడు.

“నాక్కూడా ఒకటి వెయ్యండి బంగార్రాజు గారూ. ఇందులో మరీ దిగులుగా ఉన్నాను, కొంచెం నవ్వుతున్నట్టు వస్తదేమో చూడండి.”