లెక్కలక్క తప్పిన పేపరు

ఆ ఉదయం లెక్కలక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. గణితశాఖ సహాయ కేంద్రంలో మధ్యాహ్నం దాకా కూర్చోవడం, వచ్చిన జూనియర్లకు నాలుగు లెక్కలు చెప్పడం, ఆపైన లైబ్రరీకి వెళ్లి తన చదువు తాను చూసుకోవడం. జీతం లేని పనే అయినా ఆమెకు ఇష్టం. ఆఖరి సంవత్సరానికి వచ్చింది. ఏ పేపరునూ ఫస్టు రాకుండా వదిలిపెట్టిన పాపాన పోలేదు.

తలుపు తీసీ తియ్యగానే ఫస్టియర్ పిల్ల ఒకతి వచ్చి కుర్చీలో కూలబడింది. దర్జీగారి అమ్మాయి. చేతిలో తప్పిన కాలిక్యులస్ పేపరు, కళ్ల నిండా నీళ్లు.

"నాన్న చదువు మానిపించేస్తానంటున్నారక్కా. కొట్లో కూర్చుని గుండీలు కుట్టుకోమంటున్నారు."

ఎదుటివాళ్లు ఏడిస్తే లెక్కలక్కకు కాళ్లూ చేతులూ ఆడవు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అనేసింది. "ఓసి పిచ్చిదానా, ఫస్టియర్లో నేనూ ఈ పేపరు తప్పాను. ఇప్పుడు నాకేమైంది?"

పిల్ల చప్పున తలెత్తింది. "మీరా? నిజంగానా అక్కా?"

"ఒట్టు."

ఆ ఒక్క మాటకు పిల్ల ముక్కు తుడుచుకుని, వరసగా మూడు లెక్కలు సొంతంగా చేసింది. ఇంత చిన్న అబద్ధానికి అంత ఫలితమా అని లెక్కలక్క మురిసిపోయింది.

వారం తిరక్కుండా వరండా నిండిపోయింది. తప్పినవాళ్లందరికీ తప్పిన అక్కే కావాలి. పక్క బల్ల దగ్గర కూర్చునే వాలంటీరును అందరూ దండయాత్ర అంటారు. అదే పేపరు మీదికి మూడుసార్లు వెళ్తేగాని అతను గెలవలేదు. అతను తన ఎదుటి ఖాళీ కుర్చీకేసి చూస్తూ, "నీకంటే ఎక్కువసార్లు తప్పినవాణ్ణి కదా, నా దగ్గరికి ఒక్కడూ రాడేం?" అని వాపోయాడు.

కేంద్రం చూసే మేడమ్ ఊరుకుంటారా? లెక్కలక్క ఫొటోతో తలుపుకు పోస్టరు అంటించారు: 'తప్పాను, నిలిచాను.' లెక్కలక్క నోరు తెరవబోతే, "వినయం చాల్లేమ్మా" అని అక్కడికక్కడే మూయించారు.

ఆ ఆదివారం లెక్కలక్క తల్లి కర్టెన్లు కుట్టించడానికి వెళ్లింది. దర్జీగారు మెడలోని టేపు తీసి మరీ, "మీ అమ్మాయి తాను తప్పిన సంగతి దాచుకోకుండా చెప్పిందమ్మా. అందుకే మా పిల్లను మానిపించలేదు" అన్నారు. ఆవిడ కర్టెన్లు అక్కడే వదిలేసి ఇంటికొచ్చిపడింది.

"ఇన్నేళ్లూ మా కళ్లకు గంతలు కట్టావటే!"

"నేను తప్పలేదమ్మా! ఇదిగో, మార్కులు చూడు."

తల్లి ఆ కాగితం తిరగేసి భర్త చేతికిచ్చింది. "ఇలాంటివి కంప్యూటర్లో ఎన్నైనా చేస్తారటండీ."

మర్నాడు ఆ పేపరు చెప్పిన ప్రొఫెసర్ పిలిపించారు. పెద్దాయన కోప్పడినా బాగుండేది. "నీ జవాబులు మా ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి చూపించానమ్మా. నేను నిన్ను ఫెయిల్ చేశానా?" అన్నారు.

ఇక దాచి లాభం లేదు. కిక్కిరిసిన గదిలో నిలబడి లెక్కలక్క నిజం చెప్పేసింది. కొందరు నవ్వారు. దర్జీగారి అమ్మాయి నవ్వలేదు. పుస్తకాలు సర్దుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

లెక్కలక్కకు అన్నం సయించలేదు. చివరికి మనసు కూడగట్టుకుని దర్జీ కొట్టుకు వెళ్లింది. పిల్ల ఎవరి చొక్కాకో గుండీలు కుడుతోంది.

"నన్ను క్షమించవే. నీ మంచికే అలా అన్నాను."

పిల్ల సూది ఆపలేదు. "అబద్ధమాడారని కాదు. తప్పినవాళ్లకు కూడా చదువు వస్తుందని నమ్మాను. మీరసలు తప్పనే లేదు. ఇంకేం నమ్మమంటారు?"

లెక్కలక్క తిన్నగా వెళ్లి దండయాత్రను లాక్కొచ్చింది. అతను స్టూలు మీద కూర్చుని, మొదటిసారి ఎలా తప్పాడో, రెండోసారి అంతకంటే ఘోరంగా ఎలా తప్పాడో, ఇంట్లో ఎన్ని చీవాట్లు తిన్నాడో పూసగుచ్చినట్టు చెప్పాడు. దర్జీగారు కత్తెర పక్కన పెట్టి విన్నారు.

"ఇంతలా తప్పినవాడివే పాసయ్యావంటే, మా పిల్లకేం తక్కువయ్యా!"

పిల్ల తిరిగి వచ్చింది. కూర్చున్నది మాత్రం దండయాత్ర బల్ల దగ్గర. "అన్నా, అన్నా" అంటూ అతని ప్రాణాలు తోడేసి, పరీక్ష గట్టెక్కింది. వరండా మొత్తం అటే మళ్లింది. లెక్కలక్కకు తన చదువు చదువుకోవడానికి ఇప్పుడు కావలసినంత తీరిక. పేజీ మాత్రం ముందుకు కదలడం లేదు. ఎప్పుడైనా ఎదురుపడితే పిల్ల ఒద్దికగా పక్కకు జరిగి, "బాగున్నారా అండీ?" అని అడుగుతుంది.

ఫస్టు వచ్చినవాళ్లకు ఇవ్వాల్సిన మర్యాదలో ఎక్కడా లోటు చెయ్యదు.