అరవై ఒకటో ఫౌల్

ఆ శనివారం పొద్దున్న కృష్ణచైతన్య వేసుకున్న పథకం చాలా చిన్నది. పెసరట్లు తినాలి, మామగారిని జురాంగ్ పక్షుల పార్కుకు తీసుకెళ్లాలి, చీకటి పడకముందే బెడోక్‌లోని ఫ్లాట్‌కు తిరిగొచ్చెయ్యాలి. సుధాకరరావు తణుకు నుంచి కూతురింటికి వచ్చి రెండు వారాలైంది. ఇంకో రెండు వారాలు ఉంటాడు. ఇప్పటిదాకా ఆయన చూసిన సింగపూరల్లా కింద తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటరే. అక్కడికి కూడా రెండోసారి వెళ్లే అవకాశం లేకుండా చేసుకున్నాడు. ఎవరో ఖాళీ కుర్చీ మీద టిష్యూ పొట్లం పెట్టి, అక్కడివాళ్ల మాటలో 'చోప్' చేసి చోటు పట్టుకుని, అన్నం తెచ్చుకోవడానికి వెళ్లారు. ఆయన ఆ పొట్లం తీసి పక్కన పెట్టి, "మనిషి లేకుండా చోటేంటండీ, చెల్లదు" అని కూర్చున్నాడు. తర్వాత జరిగిన సంభాషణలో ఒకరి భాష ఒకరికి తెలియకపోవడం అందరికీ మేలు చేసింది.

సుధాకరరావు రిటైరైన డ్రిల్లు మాస్టారు, ముప్పై ఒక్క ఏళ్లు కబడ్డీ రెఫరీ. జిల్లా ఫైనల్లో సొంత బావమరిదిని అవుటిచ్చి, ఆపైన ఆరేళ్లు అత్తారింటి నుంచి పండక్కి పిలుపు లేకపోయినా, ఆ తీర్పు సరైనదేనని ఇవాళ్టికీ చెప్పే మనిషి. సింగపూర్ వచ్చేటప్పుడు ఆయన ఈలను పెట్టెలో సర్దుకోలేదు. మెడలో వేసుకునే విమానమెక్కాడు.

భార్య తన్మయి రెండో పెసరట్టు తిరగేస్తుండగా కృష్ణచైతన్య ఫోను మోగింది. పాయా లేబర్‌లోని ఆఫీసు నుంచి మేనేజరు ఖైసర్. పక్కా హైదరాబాదీ.

"చైతన్యా, అమెరికా టేపులొచ్చినయ్ భై. వచ్చి తీస్కపో. నువ్వు ఎక్స్‌పర్టువి గదా, రెండు దినాల్లో అయిపోతది."

కృష్ణచైతన్య చేతిలోని పెసరట్టు ముక్కను పళ్లెంలో పెట్టేశాడు. అతను ఎక్స్‌పర్టయిన వైనం అమీర్‌పేటలో మొదలైంది. కంప్యూటర్ ముందు కూర్చోగలిగిన వాడికల్లా ఉద్యోగం దొరుకుతున్న రోజులవి. ఆటల వివరాలు కంప్యూటర్‌కెక్కించే ఈ కంపెనీకి అమెరికన్ ఫుట్‌బాల్ తెలిసిన ప్రోగ్రామర్ కావాలనగానే, అమీర్‌పేట కన్సల్టెన్సీవాడు అతని రెజ్యూమెలో 'అమెరికన్ ఫుట్‌బాల్, మూడేళ్ల అనుభవం' అని ఒక వాక్యం చేర్చాడు. పోపులో కరివేపాకు వేసినంత తేలిగ్గా వేశాడు. కృష్ణచైతన్య ఆ వాక్యాన్ని మొట్టమొదట ఇంటర్వ్యూలోనే చూశాడు. అప్పుడు నోరు మెదపలేదు. తర్వాత ఆరు నెలల పాటు ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడిగారు. నెలాఖరుకు కాంట్రాక్టు ముగుస్తుంది. ఈ పని సరిగ్గా చేస్తేనే కొత్త కాంట్రాక్టు, కాంట్రాక్టుంటేనే ఈ దేశంలో పనిచెయ్యనిచ్చే పాస్, పాసుంటేనే ఈ ఫ్లాటూ ఈ పెసరట్టూ.

పక్షులు వాయిదా పడ్డాయి. టేపులు ఇంటికొచ్చాయి. బైసన్స్ అనే ఎర్రచొక్కాల జట్టు కిందటి ఏడాది ఆడిన మ్యాచ్‌లవి. ఆ జట్టువాళ్లు ఎదుటివాళ్లను అక్రమంగా అడ్డుకున్నారని రెఫరీలు అరవైసార్లు తప్పు పట్టారు. అవన్నీ తగువులయ్యాయి. ఒక్కొక్కటీ చూసి, రెఫరీది ఒప్పో తప్పో రాయాలి. సోమవారం ఉదయం ఎనిమిదింటికి అమెరికా నుంచి హార్లన్ అనే ఆయన ఫోన్ చేస్తాడు.

కృష్ణచైతన్య మొదటి టేపు పెట్టాడు. ఇరవై రెండు మంది వంగున్నారు, లేచారు, ఒకరి మీద ఒకరు పడ్డారు. రెఫరీ ఫౌల్ అంటూ పసుపు గుడ్డ విసిరాడు. వెనక్కి తిప్పి చూశాడు. మళ్లీ పడ్డారు. నాలుగోసారి కూడా అంతే శ్రద్ధగా పడ్డారు.

"ఈ ఆటకి రూలేంటండీ అల్లుడుగారూ?" అని పక్క కుర్చీలోంచి సుధాకరరావు అడిగాడు.

కృష్ణచైతన్య రూల్సు పుస్తకంలో వేలు పెట్టుకుని చదివాడు. "బంతి లేనివాణ్ణి వెనకనుంచి, నడుంపైన నెట్టకూడదు మామయ్యగారూ. కానీ దెబ్బ తగిలే క్షణంలో వాడే వీపు తిప్పేస్తే, నెట్టినవాడిది తప్పు కాదు."

"అంతేనా? మీరు చేతులు చూస్తున్నారు, అందుకే తెలీట్లేదు. పాదాలు చూడండి. ఎవడు ముందు తిరిగాడో మడమ దగ్గరే తెలిసిపోద్ది." సుధాకరరావు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మూడు సెకన్లు చూశాడు. కుడిచెయ్యి పైకెత్తాడు. ఈల ఊదాడు.

శనివారం మధ్యాహ్నం అయ్యేసరికి ఆ ఫ్లాట్‌లో ఇరవైరెండు ఈలలు మోగాయి. పక్కింటి చైనీస్ ఆంటీ తలుపు కొట్టింది. "ఫైర్ డ్రిల్ ఆ?" అని అడిగింది. చేతిలో పిల్లి, భుజానికి హ్యాండ్‌బ్యాగు. కిందకు దిగడానికి అన్నివిధాలా సిద్ధపడే వచ్చింది.

"నో ఆంటీ, సారీ ఆంటీ. ఆఫీస్ వర్క్" అంది తన్మయి.

"వా, యువర్ ఆఫీస్ సో స్ట్రిక్ట్ లా!" అని ఆంటీ పిల్లితో సహా వెళ్లిపోయింది.

తన్మయి లోపలికొచ్చి, "నాన్నా, ఈల లేకుండా చెప్పలేవా?" అంది.

"ఈల లేకుండా చెప్తే అది అభిప్రాయమమ్మా, తీర్పు కాదు" అన్నాడు సుధాకరరావు, తెర మీదనుంచి కళ్లు తిప్పకుండా.

కృష్ణచైతన్యకు మొదట భయం వేసింది. తర్వాత అనుమానం, చివరకు హాయి. మామగారు చెప్పింది చెప్పినట్టు కాగితం మీదికి ఎక్కించసాగాడు. ఆదివారం మధ్యాహ్నానికి లెక్క తేలింది. అరవైలో యాభై ఎనిమిదిసార్లు రెఫరీ ఒప్పు. పదిహేడు, నలభై నాలుగు నంబర్లలో మాత్రం తప్పు. "ఈ ఎర్రచొక్కాల వాళ్లు ఉత్త దొంగలండీ" అని సుధాకరరావు ముగింపు వాక్యం కూడా చెప్పాడు. అది మాత్రం అల్లుడు రాయలేదు.

ఫోన్‌లో ఆ లెక్క వినగానే ఖైసర్ అరిచినంత పని చేశాడు. "పాగల్ అయినవా? పని ఇచ్చింది ఎవరనుకుంటున్నవ్? ఆ బైసన్సోళ్లే! ఓడిపోయి ఏడుస్తున్నరు పాపం. రెఫరీదే తప్పని రాయించుకుంటందుకే గదా మనకిచ్చిండ్రు!"

"వాళ్లేనని మీకు చెప్పారా సార్?"

"చెప్పాలెనా? ఇంకెవరికి గావాలె ఇది? ఒప్పున్న కాడ తప్పు పెట్టు, తప్పున్న కాడ ఒప్పు పెట్టు. ఐదు నిమిషాల పని."

మూడు నిమిషాల్లోనే అయిపోయింది. కంప్యూటర్ గొప్పతనం అదే. ఆ మూడు నిమిషాల సేపూ కృష్ణచైతన్య గోడవైపు తిరిగి కూర్చున్నాడు, ఎందుకంటే మామగారు పక్కగదిలోనే కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. సిగ్గేసింది. కానీ పాస్ కూడా గుర్తొచ్చింది.

"కింద ఎవరు చెక్ చేసిన్రో పేరు రాయాలె. నీతోని ఇంకెవరన్న చూసిన్రా?" అని ఖైసర్ మళ్లీ ఫోన్ చేశాడు.

అలసిపోయిన మనిషి నోట నిజం వచ్చేస్తుంది. "మా మామగారు చూశారు. ముప్పై ఒక్క ఏళ్లు రెఫరీగా చేశారు."

"రెఫరీయా! గిది ముందుగాల చెప్పొద్దా యార్!" ఏ ఆటకని ఖైసర్ అడగలేదు. ముప్పై ఒక్క ఏళ్ల అనుభవమున్న రెఫరీ మా బృందంలో ఉన్నారని ఒక ఉత్తరం రాసి, నివేదికతో కలిపి పంపేశాడు. గంటలో జవాబొచ్చింది. రేపటి ఫోన్‌లో ఆ రెఫరీ మాట్లాడి తీరాలని హార్లన్ కోరుతున్నాడు.

సోమవారం సుధాకరరావు తెల్లచొక్కా, తెల్లప్యాంటు, తెల్ల కాన్వాసు బూట్లతో బెడోక్‌లో రైలెక్కాడు. అంకెలు తారుమారైన సంగతి అల్లుడు ఆయనకు చెప్పలేదు. రైల్లో చెబుదామనుకున్నాడు. అక్కడ, తలుపుకు అడ్డంగా నిలబడొద్దని ఎవరికో సైగలతో నేర్పే పనిలో ఆయన మునిగిపోయాడు.

ఎనిమిదింటికి టేబులు మీది స్పీకర్ ఫోను మోగింది. ఖైసర్ ఒకవైపు, మామా అల్లుళ్లు ఇంకోవైపు కూర్చున్నారు. అమెరికా యాస సుధాకరరావుకు అందదు కనుక దుబాసీ పని కృష్ణచైతన్యదే.

"నివేదిక చూశాను. మిస్టర్ రావు, పదిహేడో నంబరు సంగతేమిటి?" అని హార్లన్ ఇంగ్లీషులో అడిగాడు. ముసలి గొంతు, నిదానం.

కృష్ణచైతన్య తెలుగులో చెప్పాడు. సుధాకరరావు తడుముకోలేదు. "పదిహేడులో రెఫరీది తప్పు."

నివేదికలో ఒప్పు అని ఉంది. కృష్ణచైతన్య ఫోనుకేసి వంగి, "రెఫరీ వాజ్ రైట్ అంటున్నారు సార్" అన్నాడు.

ఈల మోగింది. మూసిన గదిలో మోగడంతో ఖైసర్ కాఫీ ఒలికింది.

"నేను రాంగ్ అన్నానండీ. మీరు రైట్ అన్నారు" అన్నాడు సుధాకరరావు. ముప్పై ఏళ్లు బడిలో పనిచేసిన మనిషికి ఆ రెండు మాటలైనా రాకుండా ఉండవన్న సంగతి అల్లుడికి ఆ క్షణానే తట్టింది. ఆయన ఫోన్‌ను తనవైపు తిప్పుకుని, "సెవెంటీన్ రాంగ్. ఫార్టీఫోర్ రాంగ్. ఆల్ అదర్స్ రెఫరీ రైట్!" అని మైదానమంతటికీ వినిపించేలా చెప్పాడు.

ఖైసర్ కళ్లు మూసుకున్నాడు.

"నలభై నాలుగు ఎందుకు తప్పు?" అంది ఫోను, మెల్లగా.

"దెబ్బ తగిలే ముందు ఆ కుర్రాడే తిరిగాడండీ, మడమ చూడండి. వీపు వాడే ఇచ్చాడు. రెఫరీ నిలబడ్డ చోటునుంచి అది కనపడదు. కావాలని చేసిన తప్పు కాదు" అని సుధాకరరావు చెప్పాడు. అల్లుడు ఈసారి ఉన్నదున్నట్టు అనువదించాడు.

"ఆ రెఫరీని నేనే" అన్నాడు హార్లన్. "అరవైలో చాలామటుకు నావే. నేను బైసన్స్ మీద కక్షగట్టానని నా మీద విచారణ వేశారు. మా దేశంలో ఎవరినడిగినా ఏదో ఒక జట్టుకు అభిమానే. అందుకే భూమికి ఆ చివర, ఏ జట్టూ తెలియనివాళ్లను వెతికాను. నిన్న మీ నివేదిక చదివాక, నా కళ్లు నిజంగానే పోయాయనుకున్నాను. ఆ నలభై నాలుగు మాత్రం నన్ను చాలాకాలంగా తొలుస్తోంది. ఇంతకీ ఆ నివేదిక ఎవరు రాశారు?"

ఖైసర్ కళ్లు తెరిచాడు. "మా ఎక్స్‌పర్ట్ సార్, కృష్ణచైతన్య. మూడేళ్ల అనుభవం" అని అంతా అటు తోసేశాడు.

"మిస్టర్ రావు, ఆ అబ్బాయికి ఈ ఆట తెలుసా?"

ఆ ప్రశ్నను తెలుగు చెయ్యాల్సిన వాడు కృష్ణచైతన్యే. చేశాడు. సుధాకరరావు అరవై తీర్పులూ కలిపి చెప్పడానికి తీసుకున్నంత సేపు ఆలోచించాడు. అల్లుడి ముఖం చూశాడు. కూతురు గుర్తొచ్చింది కాబోలు, కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. బావమరిది విషయంలో ఆయనకు ఇంత సమయం పట్టలేదు.

"తెలీదు" అన్నాడు.

కృష్ణచైతన్య నోరు తెరిచాడు. మామగారి చెయ్యి ఈల దాకా వెళ్లి ఆగింది. "నాకు ఈ ఆట తెలియదంటున్నారు సార్" అని అతను ఇంగ్లీషులో చెప్పాడు. "నిజమే. మీ టేపులే మొదటిసారి చూడటం. ఆయన చెప్పిన అంకెలన్నీ తిరగేశాను." చెప్పాక ఆరు నెలల్లో మొదటిసారి అతనికి గుండె తేలికపడింది.

సుధాకరరావు లేచి నిలబడ్డాడు. ఈల ఊదాడు, ఈసారి పొట్టిగా. కుడిచెయ్యి ఎత్తి, ఒక వేలు చూపించాడు. "ఫౌలే. మొదటిసారి కాబట్టి వార్నింగ్. ఆట సాగించొచ్చు."

అనువాదం విని హార్లన్ పెద్దగా నవ్వాడు. "రెఫరీ మాటే ఆఖరు. మిగతా టేపులూ పంపుతాను. ఆయన చూస్తాడు, అబ్బాయి రాస్తాడు, ఎవరూ ఏమీ తిరగెయ్యరు. అవునూ, మిస్టర్ రావు ఏ లీగ్‌లో చేశారు?"

"వెస్ట్ గోదావరి డిస్ట్రిక్ట్" అన్నాడు సుధాకరరావు, అనువాదం అక్కర్లేకుండా.

"ఎప్పుడూ వినలేదు. కానీ గట్టి లీగే అయ్యుంటుంది. సరే, అంకెలు తిరగెయ్యమని అతనికి చెప్పిందెవరు?"

సరిగ్గా అప్పుడే సింగపూర్‌కూ అమెరికాకూ మధ్య లైను తెగిపోయింది. ఆ సమయానికి ఖైసర్ వేలు ఫోను మీదే ఉంది.

మిగిలిన రెండు వారాలూ సుధాకరరావు బెడోక్ ఫ్లాట్‌లో టేపులు చూస్తూనే గడిపాడు. కూతురింట్లో టీవీ చూడటానికి ఏ పాసూ అక్కర్లేదు. ఈల మోగినప్పుడల్లా పక్కింటి ఆంటీ గోడ మీద రెండుసార్లు కొట్టేది. ఆయన దాన్ని లైన్ అంపైర్ సమ్మతిగా తీసుకున్నాడు. జురాంగ్ పక్షులను చూడకుండానే విమానమెక్కాడు. కృష్ణచైతన్యకు కాంట్రాక్టు వచ్చింది. దానికి జత చెయ్యడానికి రెజ్యూమె మళ్లీ అడిగితే, 'మూడేళ్ల అనుభవం' కొట్టేసి 'రెండు వారాలు' అని రాశాడు.

ఆ రెజ్యూమెలో అమీర్‌పేటవాడి చెయ్యి పడని వాక్యం అదొక్కటే.